పోయిన కార్డు మళ్లీ తెప్పించుకోవడం: ఆధార్, పాన్, ఓటరు కార్డు, లైసెన్సు సేవల్లో ఏది ఎంత నయం?

ముందే తీర్పు చెప్పేస్తాం. పోయిన గుర్తింపు కార్డును మళ్లీ చేతికిచ్చే సేవల్లో ఆధార్ పీవీసీ కార్డుది మొదటి స్థానం, పాన్ రీప్రింట్‌ది రెండోది. ఓటరు కార్డు ఫర్వాలేదు. డ్రైవింగ్ లైసెన్సుకు ఓపిక కావాలి, పాస్‌పోర్టుకు ఓపికతో పాటు డబ్బు కూడా కావాలి. అయితే ఈ వరస ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై, ఆ సిమ్ ఇంకా పనిచేస్తున్న వాళ్లకే వర్తిస్తుంది. నంబరు లింకు లేకపోతే కార్డు ఆర్డరు పెట్టడం కుదిరినా, ఆధార్‌తో ముడిపడ్డ మిగతా పనులు అన్నిటికన్నా ఎక్కువ తిప్పుతాయి. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి వైపు వాళ్లకు ఇక్కడి పరిస్థితులను బట్టి పనికొచ్చేలా ఒక్కో సేవ గురించీ రాస్తున్నాం.

ఆధార్ పీవీసీ కార్డుతో మొదలుపెడదాం. ఏటీఎం కార్డు సైజులో ఉండే ఈ ప్లాస్టిక్ కార్డును ఆధార్ సంస్థ 2020లో తెచ్చింది. మైఆధార్ వెబ్‌సైటులో నంబరు కొట్టి, ఓటీపీ ఇచ్చి, యూపీఐతో డబ్బు కడితే ఆర్డరు అయిపోతుంది. స్పీడ్ పోస్ట్ ఖర్చు, జీఎస్టీ అన్నీ కలిపినా వంద రూపాయల లోపే. పోలీసు కాగితం అడగరు, అఫిడవిట్ అడగరు. ఆర్డరు పెట్టగానే 28 అంకెల నంబరొకటి వస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. 5 పనిదినాల్లో కార్డును తపాలా శాఖకు అప్పగిస్తారు, ఆ తర్వాత స్పీడ్ పోస్ట్ నంబరు మెసేజ్‌లో వస్తుంది. ఇంట్లో నలుగురికీ కావాలంటే ఒకే ఫోన్‌కు ఓటీపీలు తెప్పించుకుని ఒక్కొక్కరికీ విడిగా ఆర్డరు పెట్టొచ్చు. లింకు కాని నంబరుతోనూ ఆర్డరు ఇవ్వొచ్చు, కాకపోతే అలాంటప్పుడు కార్డు మీద ఏం అచ్చవుతుందో ముందుగా చూపించరు.

ఆ ముందస్తు చూపు చిన్న సంగతేం కాదు. ఆధార్ డేటాలో ఏముంటే కార్డు మీద అదే అచ్చవుతుంది. రాష్ట్రం విడిపోకముందు తీసుకున్న ఆధార్‌లలో చిరునామా కింద ఆంధ్రప్రదేశ్ అని ఉన్నవి ఇప్పటికీ కనిపిస్తాయి. వరంగల్ అర్బన్ జిల్లా 2021 ఆగస్టులో హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. పాత జిల్లా పేరు ఉన్నంత మాత్రాన కార్డు చెల్లకుండా పోదు. రాష్ట్రం పేరు, పిన్‌కోడ్, ఇంటి నంబరు తప్పుంటే మాత్రం ముందు చిరునామా మార్పించి, ఆమోదం వచ్చాకే కార్డు ఆర్డరు పెట్టండి. వరస తిరగేస్తే డబ్బు రెండుసార్లు కట్టాలి.

ఈ సేవలో మాకు నచ్చనిది ఒక్కటే. కార్డు ఆధార్‌లో ఉన్న చిరునామాకే పోతుంది, వేరే చిరునామా ఇచ్చే వీల్లేదు. ఏటూరునాగారం నుంచో, మహదేవపూర్ నుంచో వచ్చి నయీంనగర్‌లో గదులు అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లల కార్డులు ఊరికే వెళ్తాయి. ఇంట్లో ఎవరూ లేకపోతే కవరు పోస్టాఫీసుకు తిరిగిపోతుంది. ఊళ్లో పోస్ట్‌మ్యాన్‌కు ముందుగా ఓ మాట చెప్పి, ట్రాకింగ్ నంబరు ఇంట్లో వాళ్లకు పంపితే ఆ ఇబ్బంది తప్పుతుంది. నగరంలో పిన్‌కోడ్ పొరపాట్లు కూడా కవర్లను తిప్పుతాయి. హనుమకొండ ప్రధాన పోస్టాఫీసు 506001, వరంగల్ 506002, కాజీపేట 506003. మూడూ కలిసిపోయిన ఊళ్లే కాబట్టి ఏదో ఒకటి రాయించేస్తుంటారు.

కార్డు చేతికొచ్చాక వెలుతురులో అటూ ఇటూ వంచి చూడండి. హోలోగ్రామ్ మెరవాలి. మీ ఫొటో పక్కన అదే ఫొటో చిన్నగా, లేత నీడలా మళ్లీ కనిపించాలి. గీతల్లా ఉన్న చోట భూతద్దం పెట్టి చూస్తే అవి అక్షరాలని తెలుస్తుంది. ఆధార్ గుర్తు వేలికి తగిలేలా ఉబ్బి ఉంటుంది, జారీ తేదీ, ముద్రణ తేదీ విడివిడిగా ఉంటాయి. క్యూఆర్ కోడ్‌ను ఆధార్ సంస్థ యాప్‌తో స్కాన్ చేస్తే ఫొటోతో సహా వివరాలు రావాలి.

ఇవేవీ లేని ప్లాస్టిక్ కార్డులు బజార్లో బోలెడు. ఆధార్ వెబ్‌సైటు నుంచి దించుకున్న ఈ-ఆధార్ పీడీఎఫ్ ఇస్తే పది నిమిషాల్లో ప్లాస్టిక్ మీద కొట్టిచ్చే దుకాణాలు ఏ చౌరస్తాలోనైనా కనిపిస్తాయి. మా మాట: వద్దు. బయట ముద్రించిన ప్లాస్టిక్ కార్డుల్లో భద్రతా గుర్తులు ఉండవు కాబట్టి వాటిని ప్రోత్సహించబోమని ఆధార్ సంస్థ 2022లోనే స్పష్టంగా చెప్పింది. క్యూఆర్ కోడ్ సరిగా అచ్చుకాక స్కాన్ కాని సందర్భాలూ ఉంటాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం మీ పీడీఎఫ్ ఆ దుకాణం కంప్యూటర్లో ఉండిపోవడం. పాస్‌వర్డ్ ఉందిగా అనుకోకండి. అది పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. కార్డు వచ్చేలోపు చేతిలో ఏదో ఒకటి ఉండాలంటే ఈ-ఆధార్‌ను మామూలు కాగితం మీద రంగుల్లో ప్రింటు తీయించి, మీ కళ్లముందే ఆ ఫైలును, వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను తీసేయించండి. చట్టం దృష్టిలో ఉత్తరంగా వచ్చిన ఆధార్, ఈ-ఆధార్, ఫోన్‌లోని ఎంఆధార్ యాప్, పీవీసీ కార్డు అన్నీ సమానమే.

కానీ బస్సులో ఆ మాట నడవదు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ కావాలంటే అసలు కార్డే చూపాలని, జిరాక్సు గానీ ఫోన్‌లో బొమ్మ గానీ చెల్లదని ఆర్టీసీ 2024 జనవరిలో ప్రకటించింది. చిరునామా ఉండదు కాబట్టి పాన్ కార్డూ చెల్లదంది. రోజూ పరకాల నుంచో, నర్సంపేట నుంచో హనుమకొండకు వచ్చి పనిచేసే ఆమెకు ఆధార్ పోయిందంటే ఆ రోజు నుంచే టికెట్ డబ్బులు చేతి నుంచి పడతాయి. అలాంటి వాళ్లు చిరునామా ఉన్న ఓటరు కార్డును వెంట పెట్టుకుని, పీవీసీ కార్డును అదే రోజు ఆర్డరు చేయాలి. చిన్నప్పటి ఫొటో ఉన్న ఆధార్‌తో ముఖం పోల్చుకోలేక కండక్టర్లతో గొడవలు అవుతుంటాయి. ఫొటో మార్పించుకోవడానికీ ఇదే తగిన సమయం.

ఇప్పుడు నంబరు లింకు లేని వాళ్ల సంగతి. పాత సిమ్‌కు రీచార్జి చేయక అది ఎప్పుడో పోయి, ఇంకెవరి చేతికో వెళ్లి ఉంటుంది. ఆధార్ ఓటీపీలు ఆ కొత్త మనిషి ఫోన్‌కు పోతుంటాయి! అందుకే ఇది కార్డు కన్నా ముందు సరిచేసుకోవాల్సిన పని. పోస్టాఫీసులు, బ్యాంకులు, మీసేవల్లో నడిచే ఆధార్ కేంద్రాల్లో ఎక్కడైనా వేలిముద్ర వేసి కొత్త నంబరు ఎక్కించుకోవచ్చు. పత్రాలేవీ అక్కర్లేదు. 2025 అక్టోబరు 1 నుంచి రుసుం 75 రూపాయలు. రసీదు మీద ఉన్నదానికన్నా ఎక్కువ అడిగితే ఇవ్వకండి, 1947కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున పోస్ట్‌మ్యాన్లు కూడా ఈ పని చేస్తారు. మంచాన ఉన్న పెద్దవాళ్లున్న ఇళ్లకు అది పెద్ద ఆసరా. అసలు ఆధార్ నంబరే గుర్తులేకపోయినా, ఫోనూ లేకపోయినా కేంద్రంలో వేలిముద్రతో వెతికి, కొద్దిపాటి రుసుంతో ఈ-ఆధార్ ప్రింటు ఇస్తారు. చేను పనుల్లో వేలిగీతలు అరిగిపోయిన వాళ్లకు కంటిపాపను చూసే ఐరిస్ వాడమని అడగండి. కొన్ని చోట్ల అడిగితే గానీ ఆ పరికరం బయటకు తీయరు.

ఇక అసలు విషయం. కార్డు పోగానే అందరూ కొత్త కార్డు కోసం పరుగెత్తుతారు. ముందు చేయాల్సింది తాళం వేయడం. మైఆధార్‌లో గానీ ఎంఆధార్ యాప్‌లో గానీ బయోమెట్రిక్ లాక్, అంటే మీ వేలిముద్రలు ఎక్కడా పనిచేయకుండా ఆపే తాళం, పెట్టండి. వేలిముద్ర పెట్టి ఊళ్లో మినీ బ్యాంకు దగ్గర డబ్బు తీసుకునే ఏఈపీఎస్ పద్ధతికి ఓటీపీ ఉండదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. వేలిముద్ర ఎవరు దొంగిలిస్తారులే అనుకోకండి. 2018లో ఉత్తర తెలంగాణలోనే ఓ సిమ్ కార్డుల వ్యాపారి భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి దొరికిపోయాడు.

లాక్ పెట్టాక ఒక ఇబ్బంది ఉంటుంది, దాన్ని చెప్పకుండా వదిలేస్తే తప్పు. రేషన్ షాపులో ఈ-పోస్ మిషన్ మీద వేలు పెడితే తీసుకోదు. మినీ బ్యాంకులో 330 అనే తప్పు కోడ్ వస్తుంది. మిషన్ పాడైందనో, వేలు అరిగిందనో డీలరు వెనక్కి పంపేస్తాడు. అది తప్పు కాదు, లాక్ తన పని తాను చేస్తోంది. బియ్యానికి వెళ్లే ముందు యాప్‌లో తాత్కాలికంగా తెరిస్తే 10 నిమిషాలు తెరుచుకుని తనంతట తానే మళ్లీ మూసుకుంటుంది. కాబట్టి క్యూలో మీ వంతు దగ్గరపడ్డాకే తెరవండి. ఇంట్లో ముసలివాళ్ల ఆధార్‌కు లాక్ పెట్టి పిల్లలు హైదరాబాద్ వెళ్లిపోతే నెలనెలా బియ్యం దగ్గర చిక్కే. అలాంటి ఇళ్లలో లాక్ పెట్టాలా వద్దా అని ఆలోచించి నిర్ణయించుకోండి.

అదే వెబ్‌సైటులో గత 6 నెలల్లో మీ ఆధార్‌ను ఎక్కడెక్కడ, ఏ పద్ధతిలో వాడారో చూపే చరిత్ర ఉంటుంది, ఒకసారికి 50 దాకా. మీరు వేలు పెట్టని రోజున బయోమెట్రిక్ అని ఉంటే ఆ వరుసను స్క్రీన్‌షాట్ తీసి బ్యాంకుకు, 1947కు, డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల నంబరు 1930కు చెప్పాలి. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కనిపిస్తుంది. మనిషికి 9 దాకా అనుమతి. మీవి కానివి ఉంటే 'నాది కాదు' అని అక్కడే గుర్తు పెట్టొచ్చు. పర్సుతో పాటు ఫోనూ పోతే అదే చోట పోయిన ఫోన్ల కోసం ఉన్న సీఈఐఆర్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయించొచ్చు. మేడారం జాతర రద్దీలో రెండూ ఒకేసారి పోవడం మామూలే. డూప్లికేట్ సిమ్ తీసుకున్నాకే ఓటీపీలతో నడిచే మిగతా పనులన్నీ ముందుకు కదులుతాయి.

పోలీసు కాగితం గురించి చాలా అయోమయం ఉంది. ఆధార్ పీవీసీకీ, పాన్ రీప్రింట్‌కూ అది అక్కర్లేదు. డ్రైవింగ్ లైసెన్సుకూ, పాస్‌పోర్టుకూ కావాలి. జారిపోయిన వస్తువుకు ఎఫ్ఐఆర్ కట్టరు, ఫిర్యాదు తీసుకుని నమోదు చేసి కాగితం ఇస్తారు. పోయిన పత్రాలకు సంబంధించి మీసేవ ద్వారా దరఖాస్తు పెట్టుకునే దారి కూడా ఉంది. దొంగతనమైతే ఎఫ్ఐఆర్. అది ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలని 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. కాజీపేట జంక్షన్‌లో రైల్లో పోతే రైల్వే పోలీసుల దగ్గర ఇవ్వడం తేలిక. ఎఫ్ఐఆర్ ఉంటే పని త్వరగా అవుతుందని ఎవరో చెప్పారని, జారిపోయిన కార్డును దొంగిలించారని రాయకండి. అధికారికి తెలిసీ అబద్ధపు సమాచారం ఇచ్చి ఇంకొకరిని ఇబ్బంది పెట్టే పరిస్థితి తెస్తే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ఫిర్యాదులో పోయిన కార్డుల పేర్లన్నీ, ప్రతి దాని చివరి నాలుగు అంకెలు, పోయిన చోటు, సుమారు సమయం రాయండి. 'పర్సు పోయింది' అని ఒక్క ముక్క రాస్తే రేపు లైసెన్సు కౌంటర్లో ఆ కాగితం చూసి వెనక్కి పంపుతారు.

పాన్‌కు మా మార్కులు బాగానే పడతాయి. వివరాల్లో మార్పు లేకపోతే పాన్ సేవలు అందించే ప్రొటీన్ లేదా యూటీఐ సంస్థల వెబ్‌సైటులో 50 రూపాయలకు రీప్రింట్ కార్డు ఇంటికొస్తుంది. ఇక్కడ జనం చేసే పెద్ద తప్పు, పాత నంబరు గుర్తులేక 'కొత్త పాన్' ఫారం నింపేయడం. ఒకరికి రెండు పాన్‌లు ఉండకూడదు. పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా. నెట్ సెంటర్లో కూర్చోబెట్టి నింపించేటప్పుడు ఫారం పైభాగంలో ఏముందో మీరే చదవండి. ఇప్పటికే రెండు ఉంటే ఒకదాన్ని వెనక్కి ఇచ్చేసే ఫారం అదే సైట్లలో ఉంటుంది.

పాన్ పోతే ఎక్కువ భయపడాల్సింది అప్పుల యాప్‌ల గురించి. మన అప్పుల చరిత్రను నమోదు చేసే బ్యూరోలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికొకసారి ఉచితంగా పూర్తి నివేదిక ఇవ్వాలి. నాలుగింటినీ ఒకే రోజు తీయకుండా మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాది పొడవునా నిఘా ఉన్నట్టే. మీరు తీసుకోని అప్పు కనిపిస్తే ఆ బ్యూరోకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనే రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఫిర్యాదు నంబరు, తేదీ దాచుకున్న వాళ్లకే ఆ డబ్బు అడిగే వీలుంటుంది. ఆదాయపు పన్ను సైటులో వార్షిక సమాచార నివేదిక కూడా ఒకసారి చూడండి, మీకు తెలియని వడ్డీ, కొనుగోళ్లు ఏవైనా మీ పాన్ మీద పడ్డాయేమో అందులో తెలుస్తుంది.

ఓటరు కార్డుకు ఫారం 8. చిరునామా మార్పు, తప్పుల సవరణ, పోయిన కార్డు బదులు కొత్తది, మూడింటికీ 2022 ఆగస్టు నుంచి అదే ఫారం. అందులో ఏ పనికో ఆ గడికే టిక్కు పెట్టాలి. కార్డు కోసమని వెళ్లి ఫారం 6 నింపితే అది కొత్త ఓటు నమోదు. రెండుచోట్ల పేరు ఉండటం చట్టం ఒప్పుకోదు, తప్పుడు ప్రకటనకు ఏడాది దాకా శిక్ష ఉంది. ఫోన్ నంబరు జతయి ఉంటే ఈ-ఎపిక్, అంటే ఓటరు కార్డు పీడీఎఫ్, వెంటనే దిగుతుంది. జాబితాలో మార్పు జరిగిన 15 రోజుల్లో కార్డు అందిస్తామని ఎన్నికల సంఘం 2025లో చెప్పింది. సందేహాలకు 1950. పోలింగ్ రోజు కార్డు లేకపోయినా జాబితాలో పేరుంటే ఆధార్, లైసెన్సు లాంటి ఇతర గుర్తింపు పత్రాలతో ఓటు వేయొచ్చు. మీరు వెళ్లేసరికి మీ ఓటు ఎవరో వేసేసి ఉంటే గొడవపడి తిరిగి రాకండి. టెండర్ ఓటు అడగండి. ప్రిసైడింగ్ అధికారి మీరెవరో నిర్ధారించుకుని విడిగా బ్యాలెట్ పత్రం ఇచ్చి, దాన్ని కవరులో భద్రపరచాలి. అది మీ హక్కు.

లైసెన్సు దగ్గర అసంతృప్తి ఉంది. ఆన్‌లైన్లో దరఖాస్తు, స్లాటు, పోలీసు కాగితం, కార్యాలయానికి రావడం అన్నీ ఉంటాయి. పోయిన కార్డు బదులు కార్డు ఇవ్వడానికి ఇంత అవసరమా అనిపిస్తుంది. ఈలోపు బండి నడపడం మానక్కర్లేదు. డిజీలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలోని పత్రాలు అసలుతో సమానమని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ నిబంధన 2018 నుంచి చెబుతోంది. తెలంగాణ రవాణా శాఖ యాప్‌లో కూడా మీ లైసెన్సు దించుకోవచ్చు. ఫోన్‌లో తీసుకున్న మామూలు ఫొటో మాత్రం దీని కిందికి రాదు. లైసెన్సు లేకుండా నడిపితే 5,000 జరిమానా అనే సెక్షన్ అసలు లైసెన్సే లేని వాళ్లకు, కార్డు పోగొట్టుకున్న వాళ్లకు కాదు. తనిఖీలో ఆ తేడా మర్యాదగా చెప్పి, యాప్ తెరిచి చూపండి.

పాస్‌పోర్టుకు వరంగల్ పోస్టాఫీసులోనే సేవాకేంద్రం ఉంది. పోయిన దానికి బదులు 36 పేజీల పుస్తకానికి పెద్దవాళ్లకు 3,000 రూపాయలు. పోలీసు నివేదిక, ఎలా పోయిందో చెప్పే ప్రమాణపత్రం కావాలి. సాధారణంగా మళ్లీ పోలీసు విచారణా ఉంటుంది. గల్ఫ్‌కు పోయే వాళ్లు ఎక్కువున్న జగిత్యాల, కరీంనగర్ వైపు టికెట్ తేదీ దగ్గర పెట్టుకుని ఈ పనికి దిగుతారు, అది మంచిది కాదు.

మీ కార్డు దుర్వినియోగమైతే ఏ చట్టం కిందికి వస్తుందో తెలిసి ఫిర్యాదు రాస్తే స్టేషన్‌లో మాట నిలుస్తుంది. మీరేనని చెప్పి మోసం చేస్తే న్యాయ సంహిత 319, శిక్ష 5 ఏళ్ల దాకా. మీ పాస్‌వర్డు, డిజిటల్ సంతకం లాంటి గుర్తింపు వివరాలను ఆన్‌లైన్లో దొంగతనంగా వాడితే ఐటీ చట్టం 66సీ, 3 ఏళ్లు, లక్ష దాకా జరిమానా. ఇంకొకరిలా నటించి ఆధార్‌లో వివరాలు మార్చినా, మార్చబోయినా ఆధార్ చట్టం 35, 3 ఏళ్ల దాకా జైలు, 10,000 దాకా జరిమానా. డబ్బు పోతే మొదటి గంటలోనే 1930. జిరాక్సు ఇవ్వాల్సి వచ్చినప్పుడల్లా ఫొటో మీదుగా అడ్డంగా 'ఫలానా పనికి మాత్రమే' అని రాసి తేదీ వేయండి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయే చోట పూర్తి నంబరు ఇవ్వకండి. బస్సులోనో, బజార్లోనో ఇంకొకరి కార్డు మీకు దొరికితే ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టకండి, వాళ్ల నంబరంతా ఊరికి చూపించినట్టవుతుంది. పేరు, ఊరు మాత్రం రాసి కార్డును దగ్గరి స్టేషన్‌లో ఇవ్వండి.

కొత్తది వచ్చాక పాతది బీరువా వెనక దొరికితే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. ఆధార్, పాన్‌లకు నంబరు మారదు కాబట్టి రెండూ చెల్లుతాయి. ఒకటి ఇంట్లో దాచండి, రెండూ ఒకే పర్సులో పెట్టకండి. ఓటరు కార్డుకు, పాతది దొరికితే తిరిగి ఇస్తానని ఫారం 8లో మీరే హామీ ఇచ్చి ఉంటారు, మీ పోలింగ్ బూత్ అధికారి బీఎల్‌ఓకు ఇచ్చేయండి. లైసెన్సును ఆర్టీఏలో అప్పగించాలి. పోయిందని రాసిచ్చిన పాస్‌పోర్టు రద్దయిపోయి ఉంటుంది. దాంతో శంషాబాద్ వెళ్తే ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, అందులో వీసా ఇంకా మిగిలి ఉన్నా సరే.